అడుగుగుడ్డ ఇచ్చి తెచ్చుకున్న బొమ్మల పుస్తకం

మా చిన్నప్పుడు... వేసవి సెలవుల్లో బందరు నుంచి మా శిరీషక్క పెడనలో మా ఇంటికి వచ్చిందంటే నాకు సగం సంతోషం, సగం కడుపుమంట. మా పెద్దమ్మ కూతురు. నాకన్నా ఏడాది పెద్దది, అంతే. కానీ ఒక వేసవిలో చూడాలి దాని పోజు... పాత తువ్వాల్లో చుట్టిన పుస్తకాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్సు దిగింది.

వాళ్ళ నాన్న, అంటే మా పెదనాన్న, కాలేజీలో లెక్చరరు. ఆయన స్నేహితుడెవరో ఢిల్లీ నుంచి తెచ్చిచ్చాడట. పిల్లలకి మోడరన్ ఆర్టు చూపించే బొమ్మల పుస్తకం. అట్ట నున్నగా, చేతిలోంచి జారిపోయేంత నున్నగా... లోపల బొమ్మలు మాత్రం నేను బుద్ధెరిగి చూడనివి. గొడుగు వేసుకుని వీధిలో నడిచే చేప. పక్షికాళ్ళున్న కుర్చీ. రెండు కళ్ళూ ఒకే చెంప మీదున్న ఆవిడ.

"చేతులు కడుక్కురావే ముందు" అనేది. కడుక్కొచ్చినా పేజీ ముట్టుకోనిచ్చేది కాదు. అదే తిప్పేది. నేనింకా చూస్తుండగానే తిప్పేసేది. ఒళ్ళు మండిపోయేది నాకు...

పుస్తకం ఒక్కటే అయితే సర్దుకునేదాన్నేమో. "మా నాన్న రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, ఇందులో నీకేం కనపడుతోందమ్మా అని అడుగుతారు తెలుసా? ఏం చెప్పినా తప్పనరు. కల్లోకి వచ్చినట్టు బొమ్మలేసేవాళ్ళని సర్రియలిస్టులంటారట" అంది.

ఏం చెప్పినా తప్పనరట! ఆ మాటకి ఏడుపొచ్చింది నాకు. మా ఇంట్లో నోరు తెరిస్తే తప్పే కదా మరి.

మాది అద్దకం పని. ఇంటి వెనక షెడ్డులో పొడుగాటి బల్ల మీద చీరలు పరిచి, చెక్క అచ్చులతో మా నాన్న పూలూ నెమళ్ళూ అద్దేవాడు. పువ్వు పక్కన ఆకు నూలుపోగంత జరిగినా ఆ పూట ఆయనకి అన్నం సయించేది కాదు.

ఉక్రోషం పట్టలేక పుస్తకం లాక్కుని షెడ్డులోకి పరిగెత్తాను. "నాన్నా, ఇది చూడు" అని ఒకే చెంప ఆవిణ్ణి చూపించాను. ఆయన పరీక్షగా చూసి, "అయ్యయ్యో, అచ్చు జారిపోయిందే! ఇంత మంచి కాయితం పాడుచేసుకున్నారు పాపం" అన్నాడు. నిజంగానే బాధపడుతూ!

వెనకే వచ్చిన అక్క పడీ పడీ నవ్వింది. వాళ్ళ నాన్న అలా, మా నాన్న ఇలా... దేవుడి మీద కూడా కోపం వచ్చింది నాకు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పడుకోమని మా అమ్మ మాకు అడుగుగుడ్డ పరిచింది. అద్దేటప్పుడు అచ్చు మెత్తగా పడాలని చీర కింద ఒక గుడ్డ వేసేవాళ్ళు. పైన వేసే ప్రతి బొమ్మా కొంచెం కొంచెం దానిలోకి దిగేది. ఒకదాని మీద ఒకటి ఎన్ని చీరల బొమ్మలో... అది బాగా రంగు తాగేశాక ఉతికి పక్కలకి వాడుకునేవాళ్ళం. మాకదొక దుప్పటి, అంతే.

అక్క పడుకోలేదు. మోకాళ్ళ మీద వంగి చూస్తోంది. "ఒసేయ్... ఏనుగు కడుపులో నెమలి ఉందే! ఈ గుర్రం మెడలోంచి తీగ వస్తోంది చూడు! ఇదిగో, ఈ మూల ఎర్ర చేప, దాని నెత్తిన ఐదు చుక్కలు!"

"చేపా లేదు గీపా లేదు. మరక. పడుకో" అన్నాను.

పడుకుంటేగా! "రోజూ దీని మీదే పడుకుంటావా నువ్వు?" అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు... అది నా గొంతే. కుళ్ళు! మా అక్క నన్ను చూసి కుళ్ళుకుంటోంది! ఆ మధ్యాహ్నం కలిగిన ఆనందం నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

"కావాలా? అయితే పుస్తకం ఇచ్చెయ్" అన్నాను.

కాసేపు పుస్తకం వైపు చూసింది, కాసేపు గుడ్డ వైపు చూసింది. ఇచ్చేసింది! వెళ్ళే రోజు అదే తువ్వాల్లో అడుగుగుడ్డ చుట్టుకుని బస్సెక్కింది. పిచ్చిమొహం, మరకల గుడ్డకి ఎంత మంచి పుస్తకం పోగొట్టుకుందో అని నవ్వుకున్నాను.

ఇక పేజీలు నేనే తిప్పుకున్నాను. కానీ పక్కన కూర్చుని ఏం కనపడుతోందమ్మా అని అడిగేవాళ్ళేరీ? నాన్నకి బల్ల దగ్గర తెమిలేది కాదు, అమ్మకి వంటింట్లో తెమిలేది కాదు. నాలుగు రోజులకే ఆ గొడుగు చేప కూడా మామూలు చేపైపోయింది. అక్కడ బందర్లో మాత్రం పెదనాన్న ఆ గుడ్డ పరిచి, వీధి పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని అడుగుతున్నారట... ఇక నా కుళ్ళు గురించి చెప్పాలా!

మొన్నామధ్య విజయవాడలో అక్క కొత్తింటికి నాన్నని తీసుకుని వెళ్ళాను. హాల్లో గోడ మీద అద్దం ఫ్రేములో... అడుగుగుడ్డ. నాన్న దాని ముందు ఆగిపోయాడు. అక్క పక్కన నిలబడి, అచ్చం వాళ్ళ నాన్నలాగే, "ఏం కనపడుతోంది బాబాయ్?" అంది.

అంతే. మా దగ్గర ముక్తసరిగా మాట్లాడే మనిషి గలగలా మొదలుపెట్టాడు. ఈ నెమలి మీ పిన్ని చీరకి వేశానమ్మా... ఈ తీగ అచ్చు విరిగిపోతే రెండు రోజులు మనసు మనసులో లేదమ్మా... చివరికి మూలనున్న ఎర్ర చేప దగ్గర వేలు ఆపాడు.

"ఇది అచ్చు కాదమ్మా. మా చిన్నదాని పాదం. నడక వచ్చిన కొత్తలో రంగు తొక్కి బల్లెక్కేసింది. ఆ మూల మళ్ళీ ఏ అచ్చూ పడనివ్వలేదు నేను."

నా పాదం! అన్నాళ్ళూ దాని మీద పడుకుని, మరక అన్నాను చూడండి... నాన్న ఆ కబురు నాకెప్పుడూ చెప్పలేదు. అడిగింది అక్క, అక్కకే చెప్పాడు. నా పాదమూ దాని గోడ మీదే, మా నాన్న కబుర్లూ దానికే! తిరిగి ఇచ్చెయ్యవే అంటే, "అప్పుడే మార్చేసుకున్నాం కదే" అని నవ్వింది రాక్షసి.

ఇప్పుడు మా షెడ్డు లేదు, బల్లా లేదు. మా అమ్మాయి ఫోన్లో కావలసినన్ని వింత బొమ్మలు చూస్తుంది, ఏ రంగూ తొక్కదు. ఆ పుస్తకం మాత్రం నా బీరువాలో భద్రంగా ఉంది... నున్నగా, ఒక్క మరకైనా లేకుండా.

మీరు కూడా ఇలా చేజేతులా ఎవరికైనా ఇచ్చేసి ఏడుస్తున్నవి ఉంటే కింద రాయండి. నేనొక్కదాన్నే కుళ్ళి చావడం దేనికి!