పాత, బాధ

మా ఇంట్లో మాట తెలుగు, రాత తమిళం. పుదుచ్చేరి బజారులో తాతల నాటి నుంచీ బట్టల కొట్టు నడిపిన కుటుంబం మాది. తెలుగు అక్షరాలు ఎవరికీ రావు. డెబ్బైల చివర్లో టోకు వ్యాపారి ఇచ్చిన డైరీ ఒకటి ఊరికే పడి ఉంటే, అందులో రాయడం మొదలుపెట్టాను. ఇంటి తెలుగునే తమిళ అక్షరాల్లో, కొట్టు మూసి వచ్చాక నాలుగు ముక్కలు. నాకు కోపం ఎక్కువ. నోటితో అనాల్సింది కాగితం మీద పెడితే సగం చల్లారేది. డైరీ వల్ల లాభం అంతే అనుకున్నాను.

నా భార్య అరియాంకుప్పం రైతుల బిడ్డ. మా కొట్టు రవికలకు ఇంట్లో కూర్చొని కాజాలు కుట్టేది. సాయంత్రానికి తలనొప్పి అని నుదుటికి శొంఠి పట్టు వేసుకొనేది. నేను కంచం మీంచి తలెత్తేవాణ్ణి కాదు. డైరీలో మాత్రం 'ఈ పొద్దూ అదే పాత' అని రాసేవాణ్ణి. పాత పాట అని పూర్తిగా రాయడానికి కూడా బద్ధకం.

ఒక ఆదివారం చూస్తే ఆమె డైరీ ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉంది. తమిళం ఆమెకూ చదవను వచ్చు. ఈ పొద్దు నా పని అయిందనుకున్నాను.

"నా బాధ దినామూ రాస్తా ఉండారే. నోటితో ఒక మాట అడిగేదానికి ఏందికి అంత సిగ్గు?" అంది.

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తమిళంలో ప, బ రెంటికీ ఒకటే అక్షరం. త, ధ కూడా అంతే. నేను 'పాత' అని రాసింది ఆమె 'బాధ' అని చదివింది. నిజం చెప్పే ధైర్యం లేక డైరీ తీసుకొని పేజీలు తిప్పాను. ఆ మాట లేని వారం లేదు. రాసి ఉండకపోతే, ఎప్పుడో ఒకసారి అన్నావులే అని ఈనాటికీ ఆమెతో వాదించేవాణ్ణి.

మరునాడు ఆసుపత్రికి తీసుకుపోయాను. నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుందని డాక్టరు అడిగితే జవాబు డైరీలోనే ఉంది. కాజాల పని ఉన్న దినాల్లో వచ్చింది, కొట్టుకు సెలవైన దినాల్లో రాలేదు. ఆయన ఆమెకు కళ్ళ పరీక్ష చేయించాడు.

అద్దాలు వచ్చిన రోజు ఆమె సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించి, సూదిని జెండాలా పైకెత్తి నాకు చూపించింది. శొంఠి గిన్నె అటక మీదికి పోయింది. ఇంట్లో అందరూ నన్ను మెచ్చుకుంటుంటే ఆ మెప్పు నాది కాదనిపించింది. ఆమెతో చెప్పేశాను, నేను రాసింది బాధ కాదని.

ఆమె కాజా మీంచి చూపు తిప్పలేదు.

"తెలుసును. నా గురించి బాధ అని రాసే మనిషా మీరు? పాత అని చదివుంటే పోట్లాడుకొని ఉందుము. బాధ అని చదివినాను, ఆసుపత్రికి పోతిమి."

ఆ సాయంత్రం డైరీలో 'బాధ లేదు' అని రాసి ఆమె ముందు పెట్టాను. అద్దాలు సర్దుకొని గట్టిగా చదివింది.

"పాత లేదు."