ఆదికేశవులు మామ కల్యాణి

మా ఆదికేశవులు మామ తప్పు పాడతాడు. ఎప్పుడో ఒకసారి కాదు, నోరు తెరిచిన ప్రతిసారీ. అందులోనూ కల్యాణి రాగమంటే ఆయనకి మహా ప్రీతి. నిక్షేపంగా మొదలెట్టి, మధ్యమ స్వరం దగ్గరికి రాగానే కాలు జారి శంకరాభరణ రాగంలో పడతాడు. చింతాద్రిపేటలో సగం మందికి సంగీతం నేర్పిన మా అమ్మ పంకజానికి సొంత తమ్ముడు ఈయన.

పాడితే పాడాడు, ఇంట్లో పాడుకోవచ్చుగా. మార్గళి నెల సంగీత కచేరీల్లో ముందు వరసలో కూర్చుని గాయకుడితో పాటు ఎత్తుకుంటాడు. నా పెళ్ళి రిసెప్షన్‌లో మా ఆఫీసువాళ్ళ ముందు మైకు లాక్కున్నాడు. నేను తల దించుకుంటే, పెళ్ళికూతురికి ఎంత సిగ్గో అని అందరూ మురిసిపోయారు. ఆ సిగ్గు దేనికో నాకే తెలుసు.

అమ్మ మాత్రం వదిలేది కాదు.

"ఒరే ఆదీ, ఆడ ప్రతిమధ్యమం రా. ఇంకోసారి పాడు."

"అదే కదక్కా పాడింది."

"కాదురా మొద్దూ. నాతో పాడు."

మామ బుద్ధిగా పాడేవాడు, బుద్ధిగా జారేవాడు.

ఈమధ్య అమ్మకి గుండె ఆపరేషనైంది. ఐసీయూలో కళ్ళు తెరిచింది మొదలు ఒకటే భయం, ఆక్సిజన్ మాస్కు లాగేస్తోంది. ఇలాగే ఉంటే మళ్ళీ గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాలన్నారు డాక్టరు.

"కంగారు తగ్గడానికి ఇక్కడ పాటలు వినిపిస్తామండి," అంటూ కాకినాడ నుంచి వచ్చిన నర్సు హైందవి అమ్మకి హెడ్‌ఫోన్లు పెట్టింది. చక్కటి వీణ. అమ్మ కాసేపు విని, తల విదిలించుకుని మళ్ళీ మాస్కు మీద చెయ్యి వేసింది.

"నేను పాడతా," అన్నాడు మామ.

"మామా, ఈడ కూడానా? పరువు పోతుంది."

అమ్మ ప్రాణం మీదికొస్తే నేను పరువు చూసుకుంటున్నాను.

"మెల్లగా పాడండి, పర్లేదు," అంది హైందవి.

మామ వంగి కల్యాణి ఎత్తుకున్నాడు. జారాడు. పక్క మంచం దగ్గరి డాక్టరు తిరిగి చూశాడు. నేను గోడవైపు తిరిగిపోయాను.

మళ్ళీ ఇటు తిరిగేసరికి అప్పటిదాకా మాస్కు లాగుతున్న అమ్మ చెయ్యి గాల్లో ఉంది, చూపుడువేలు తప్పు తప్పు అని ఆడుతోంది. మామ మళ్ళీ పాడి మళ్ళీ జారాడు. అమ్మ కనుబొమలు ముడేసి, పక్కమీద తాళం వేసి చూపించింది. మానిటర్ మీద పరుగెత్తుతున్న అంకెలు నెమ్మదించాయి. పాఠం చెబుతూ చెబుతూనే నిద్రపోయింది.

మామ ఆపలేదు. గొంతు తగ్గించి అదే కీర్తన మొదటినుంచి పాడాడు. మధ్యమం ఉండాల్సిన చోటే ఉంది.

"మామా, నీకు వచ్చు కదా."

"వచ్చు."

"మరి ఇన్నేళ్ళూ?"

"చిన్నప్పుడు ఉరుమొస్తే అక్క వణికిపొయ్యేది. నేను తప్పు పాడితే, నన్ను తిట్టే పనిలో పడి ఉరుము మర్చిపొయ్యేది. మీ నాయన పొయినప్పుడూ అంతే. యాడన్నా ఒకసారి సరిగ్గా పాడితే అక్కకి తెలిసిపొద్ది, అందుకే అంతటా తప్పే. ఆమెకి చెప్పబాకమ్మా."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారి ఆయన వల్ల కాదు, నా వల్ల.

తర్వాత వార్డులోకి మార్చి, లేచి నడవమన్నారు. అమ్మ మంచం అంచు పట్టుకుని కదలనంది. మామ గొంతు సవరించుకున్నాడు. నేనూ గొంతు కలిపాను, వార్డంతా వినేలా. ఇద్దరం ఒకే చోట జారాం.

"ఖర్మ, దీనికీ మేనమామ పోలికే వచ్చింది. రేపట్నించి ఇద్దరూ పాఠానికి రండి," అంటూ అమ్మ మంచం దిగి, మమ్మల్ని తిట్టుకుంటూ తలుపుదాకా నడిచింది.