భూమిని ఒరగబెట్టిన మా బాపు

భూమి పక్కకు ఒరగడానికి మా నాయనే కారణమని నేను ఎక్కడా అనలేదు. ఈ సంగతి ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే మా ఊళ్ళో ఎవరిని అడిగినా అన్నాననే చెబుతారు. నేను మహబూబాబాద్‌లో ఒక బడిలో సైన్సు చెప్పుకునే మామూలు మాస్టరును. మా ఊరు జనగామ పక్కన. అక్కడ మా బాపు ముప్పై ఏళ్ళుగా వరి పండిస్తున్నాడు, ఆ వరి కోసం బోర్లు వేయిస్తున్నాడు. ఇప్పటికి ఐదు వేయించాడు. అందులో మూడు ఎండిపోయాయి, ఒకటి పొద్దున గంటసేపు పోసి అలసిపోతుంది, ఒక్కటి మాత్రం మా పరువు నిలుపుతోంది. మొన్నటి ఎండాకాలంలో ఆయన ఆరోది వేయిస్తానని పట్టుబట్టాడు.

దానికోసం మా అమ్మ బర్రెలు రెండూ అమ్మాలి. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ ఆ బర్రెల పాలతోనే ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నెట్టుకొస్తోంది, వాటికి జ్వరం వస్తే తను అన్నం మానేస్తుంది. ఆమె నాకు ఫోన్ చేసి, చదువుకున్నవాడివి కదా, మీ బాపుకు నువ్వే చెప్పి ఆపమంది. చదువు సంగతి సరే, ధైర్యం సంగతి ఆమె అడగలేదు. మా ఇంట్లో బాపుకు ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. ఆయన ఏమీ అనడు, ఊరికే చూస్తాడు. ఆ చూపుకు నలభై ఐదేళ్ళ వయసులో కూడా నాకు నోరు ఎండిపోతుంది.

సరిగ్గా అప్పుడే మా ఊరి రైతు వేదిక హాల్లో వాతావరణం మారుతున్న తీరు మీద మీటింగు పెట్టారు. ఊళ్ళో పుట్టిన మాస్టరని నన్ను మాట్లాడమన్నారు. నాకు భలే ఉపాయం తట్టింది. బాపుకు ఇంట్లో చెప్పలేని మాట నలభై మందికి చెబితే అందులో ఆయన కూడా ఉంటాడు కదా అనుకున్నాను. పిరికివాడికి మైకు దొరికితే ఇలాంటి ఉపాయాలే వస్తాయి.

మొదట ఎండలు ముదురుతున్నాయనీ, వానలు దారి తప్పుతున్నాయనీ చెప్పాను. ఎండాకాలంలో ఎండ కొట్టక మంచు పడుతుందా అని ముందు వరుసలోని ఒక పెద్దమనిషి మర్యాదగానే అడిగాడు. వానలు పోవడానికి సెల్‌ఫోన్ టవర్లు కారణమని ఒకాయన, రాకెట్లు ఆకాశానికి బొక్కలు పొడిచాయని ఇంకొకాయన తేల్చేశారు. వాళ్ళిద్దరికీ చప్పట్లు కూడా పడ్డాయి. నాకు పట్టుదల వచ్చింది. ప్రపంచమంతా భూమిలోంచి తోడిన నీళ్ళు చివరికి సముద్రంలో చేరుతున్నాయనీ, బరువు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగేసరికి భూమి తిరిగే ఇరుసు కూడా కాస్త జరుగుతోందనీ చెప్పాను. ధ్రువాల దగ్గర మంచు కరుగుతుంటే రోజు కూడా ఏటా రెప్పపాటులో వెయ్యో వంతు కంటే తక్కువగా సాగుతోందని కలిపాను. ఎవరూ నమ్మలేదు. బట్టలన్నీ ఒక పక్కకు చేరితే వాషింగ్ మిషన్ ఎలా గంతులేస్తుందో చూపించడానికి నేను స్టేజీ మీద ఊగి చూపించాను. అయినా నమ్మలేదు, కానీ అందరూ ఇష్టంగా చూశారు.

అప్పుడు దగ్గరి ఉదాహరణ ఇద్దామని, మా బాపుకే ఐదు బోర్లున్నాయి అనేశాను. ఒక్క మనిషి బోర్లతో ఏమీ కాదు, లోకంలోని బోర్లన్నీ కలిస్తేనే అవుతుంది అని వెంటనే చెప్పాను గాని, ఆ ముక్క ఇప్పటికీ ఎవరి చెవినా పడలేదు. హాలు కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. మూడో వరుసలో ఉన్న బాపు భుజం మీది తువ్వాల దులుపుకొని లేచి వెళ్ళిపోయాడు.

ఇక చూడండి. ఎవరి గడ్డివాము ఒరిగినా మా బాపు పేరే చెప్పారు. జనగామలో రైలు ఆలస్యమైతే, భూమి ఎత్తుపల్లాలు మారాయి, పాపం అది మాత్రం ఏం చేస్తుందన్నారు. కల్లు మండువలో ఎవరి ముంతైనా ఒలికితే, ఆగు, మాస్టరు బాపు బోరు మోటరు నడుస్తున్నట్టుంది అన్నారు. నాలుగు రోజుల్లో ఈ ముచ్చట భూపాలపల్లి దాకా పోయింది. అక్కడ బొగ్గుబాయిలో పనిచేసే మా బావ ఫోన్ చేసి, నవ్వు ఆపుకోలేక ఏమీ చెప్పకుండానే పెట్టేశాడు. బాపు మండువకు పోవడం మానేశాడు. నాతో మాట మానేశాడు. పైగా బోరు బండి వాడికి కబురు పెట్టి, వచ్చే నెలలో రావలసిన బండిని పది రోజుల్లోనే రమ్మన్నాడు. బర్రెలను చూసుకోవడానికి బేరగాడు కూడా వచ్చి పోయాడట. నిన్ను ఆపమంటే ఇంకింత ఉరికించినవు కదరా అని అవ్వ నన్ను తిట్టింది.

అంతటితో ఆగలేదు. బాపు తాపీ మేస్త్రి దగ్గర గోడలు నిట్టనిలువుగా ఉన్నాయో లేదో చూసే గుండు అడిగి తెచ్చాడు. దాన్ని వాకిట్లో పందిరి దూలానికి దారంతో వేలాడదీసి, సరిగ్గా దాని కింద నేల మీద సున్నంతో చుక్క పెట్టాడు. భూమి ఒరిగితే గుండు చుక్క దాటాలి. పొద్దున్నే ఊళ్ళోవాళ్ళను పిలిచి చూపించడం మొదలుపెట్టాడు. తొమ్మిది రోజులు గుండు చుక్క మీదే నిలబడింది. వాకిట్లో జనం పెరిగారు, అవ్వకు చాయ్ కాచే పని పెరిగింది.

నాకు ఉండబట్టలేదు. ఫోన్ చేసి, అవ్వను స్పీకర్ పెట్టమని, గుండును లాగేది కూడా ఆ భూమే కాబట్టి ఇరుసు జరిగినా గుండు చుక్క మీదే ఉంటుంది, దానితో ఏమీ రుజువు కాదు అని వివరించాను. అవతలి నుంచి బాపు గొంతు వినిపించింది. ఆ పది రోజుల్లో నాతో ఆయన మాట్లాడిన మాట అదొక్కటే.

“అంటే ఒరిగినా గుండు గట్లనే ఉంటది, ఒరగకున్నా గట్లనే ఉంటది. గిదేం సైన్సురా, ఎట్ల చూసినా నువ్వే గెలుస్తవు. భూపాలపల్లి కాడ గుట్టలంత బొగ్గు తీస్తేనే ఒరగని భూమి నా బోరుకు ఒరుగుతదా?”

నిజం చెప్పాలంటే నాకు జవాబు తెలుసు. కానీ ఫోన్ పెట్టేశాక గాని నోట్లోకి రాలేదు.

బోరు బండి రావలసిన రోజు పొద్దున గుండు జరిగింది. చుక్కకు రెండు వేళ్ళ అవతల వేలాడుతోంది. బాపు దాని ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడట. తర్వాత లేచి బండి వాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. బర్రెల బేరగాడికి కూడా అదే మాట చెప్పాడు. వచ్చే యాసంగికి వరి సగమే, మిగతా సగం నువ్వులు అని వాకిట్లో అందరి ముందూ ప్రకటించాడు. జరిగిన గుండును చూడటానికి పక్క ఊరి నుంచి కూడా వచ్చారు. నేను వాషింగ్ మిషన్‌లా ఊగి గంటసేపు చెప్పినా నమ్మని మనుషులు, మేస్త్రి గుండు చెబితే అయిదు నిమిషాల్లో నమ్మారు. రాకెట్ల ఆసామి తన బోరు కూడా ఈ ఏడు మానుకున్నాడు. నాకు సంతోషంగా ఉంది, కడుపుమంటగా కూడా ఉంది.

ఆ సాయంత్రం అవ్వ ఫోన్‌లో నవ్వుతూ అసలు సంగతి చెప్పింది. పొద్దున సానుపు చల్లి ముగ్గు పెడుతుంటే సున్నం చుక్క చెరిగిపోయిందట, మళ్ళీ అందాజుగా తనే పెట్టిందట. నలభై ఏళ్ళుగా గీత చెదరకుండా ముగ్గు వేసే చెయ్యి ఆమెది. రెండు వేళ్ళు ఎలా తప్పిందని అడిగాను. బర్రెలకు కుడితి పెట్టాలి, ఉంటా అని పెట్టేసింది.

వారం రోజులు నాకు మనసు మనసులో లేదు. బాపు ఆగాడు, బర్రెలు దక్కాయి, నాకు కావలసింది అదే. కానీ రుజువు మాత్రం దొంగది. లెక్క తప్పయినా జవాబు కుదిరిందని మార్కులడిగే పిల్లలకు రోజూ చీవాట్లు పెట్టేవాణ్ణి నేను. చివరికి ఆదివారం రైలెక్కి ఊరికి పోయాను. బాపు పొలంలో మోటరు దగ్గర గట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా నిలబడి, నీళ్ళు నమిలి, చుక్క జరిగింది గాని గుండు జరగలేదని చెప్పేశాను.

ఆయన నా వైపు చూడలేదు. నీళ్ళ ధార వైపే చూస్తూ అన్నాడు: “నాకెరుకే. మీ అవ్వ చుక్క వెట్టంగ నేను మంచంల పండి చూస్తనే ఉన్న.”

మరెందుకు ఆగావని అడిగాను.

“దినాం బోరు కాడ ఉండేటోన్ని, నీళ్లు అడుగుకు పోతున్నయని నాకెరుక లేదా? ఆరోది గూడ పడదని ఎరుకే. నువ్వు ఇంట్ల ఒక్క మాటంటే ఆగేటోన్ని బిడ్డ. నలుగురిల మైకు వట్టి చెప్పినంక ఎట్ల ఆగుత? కొడుకు నవ్వులపాలు చేస్తే ఆగిండంటరు. గిప్పుడు గుండు చెప్తే ఆగిండంటరు.”

ఊరు ఊరంతా సైన్సును నమ్మడం లేదని మీటింగులో బాధపడ్డాను గాని, నా తండ్రి నా మాట వింటాడని నేనే నమ్మలేదు. వెళ్ళి ఆయన పక్కన గట్టు మీద కూర్చున్నాను. తప్పయింది బాపు అన్నాను, అదీ మెల్లగానే.

“గీ మాట గూడ మైకుల చెప్తవా?” అన్నాడు.

చెప్పనన్నాను. తడి చాలు, పోయి మోటరు బందుచేసి రమ్మన్నాడు. లేచి వెళ్ళి బందు చేశాను.