అందరికీ నచ్చిన సౌండ్ బాక్సులు

బీఈడీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా మనస్తత్వశాస్త్రం చెబుతున్నాను. గుంపులో ఉన్నప్పుడు మనిషి ఎలా ఆలోచిస్తాడన్న పాఠం పుస్తకం తెరవకుండా గంటసేపు చెప్పగలను. అలాంటి నేను మా ఊరి చర్చిలో ఆరు నెలల పాటు ఆ పాఠం రానిదానిలా కూర్చున్నాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆలస్యంగానైనా దాన్ని సరిచేసింది నేనే.

మాది నరసాపురం దగ్గర ఊరు. ఆదివారం ఆరాధనలో కీర్తనలు అందరూ గొంతెత్తి పాడతారు. ఒక హార్మోనియం, ఒక తబలా, అంతే. పాట ఎత్తుకునేది మాత్రం మా అమ్మ స్నేహితురాలు. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. లేసు అల్లుతూనే ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి. డెబ్బై దాటినా ఆవిడ గొంతు చివరి వరుస దాకా వినబడేది.

కిందటేడు సంఘం వాళ్లు నిలువెత్తు సౌండ్ బాక్సులు రెండు, ఒక కీబోర్డు కొన్నారు. బటన్ నొక్కితే డప్పులూ తాళాలూ అన్నీ కీబోర్డే వాయించేస్తుంది. మొదటి ఆదివారం ఆ మోతకి కిటికీ అద్దాలు అదిరాయి. ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన ఆయన, బాక్సుల కోసం ఊరంతా తిరిగి చందాలు పోగుచేసిందీ ఆయనే.

"ఎలా ఉందండీ?"

"చాలా బాగుందండి" అని నా ముందువాళ్లంతా నవ్వుతూ చెప్పి వెళ్లిపోయారు. నా వంతు వచ్చింది. తల దిమ్మెక్కిపోయి ఉంది. ఇంతమందికి నచ్చింది నాకు నచ్చలేదంటే లోపం నా చెవుల్లోనే ఉందేమో అనుకున్నాను.

"బాగుందండి" అన్నాను.

అలా నెలలు గడిచాయి. మెల్లగా జనం పాడడం మానేశారు. పెదవులు కదిలేవి గాని గొంతులు వినబడేవి కావు. ఒక ఆదివారం పక్కకి చూస్తే పిన్నిగారి పెదవులు కూడా కదలడం లేదు. ఇంటికి నడుస్తూ అడిగాను.

"ఈమధ్య మీరు పాడట్లేదేంటండీ? ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉన్నానమ్మా. ఆ మోతలో నా గొంతు నాకే వినబడట్లేదు. ఇంక పాడేదేంటి?"

"ఆ మాట పెద్దాయనతో అనొచ్చు కదండీ."

"అందరికీ నచ్చింది కదమ్మా. నా ఒక్కదాని కోసం తీసేయమంటానా?"

ఆ వారంలోనే కాలేజీకి వెళ్తుంటే బస్సులో మా సంఘానికే చెందిన ఒక టీచరు కలిసింది. ఆదివారం మధ్యాహ్నమంతా తలనొప్పిగా ఉంటోందంది. కారణం అడిగితే, "ఆ బాక్సులేనండి. కానీ అందరికీ నచ్చింది, మనమేం చెప్తాం?" అంది. రెండు రోజులాగి మా తబలా ఆయన చేలో పని ముగించుకుని వస్తూ మా గేటు దగ్గర ఆగాడు. తబలా ఇంట్లో బీరువా మీద పెట్టేశానన్నాడు. "అందరూ సంతోషంగా ఉన్నారు కదండీ మేడంగారూ" అన్నాడు.

మూడోసారి ఆ మాట వినేసరికి నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇది నేను ఏటా చెప్పే పాఠమే. ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల ముఖం చూసి వాళ్ల మనసు ఇదీ అనుకుంటారు. పక్కవాళ్లు కూడా అదే పని చేస్తున్నారని ఎవరికీ తోచదు. ఎవరికీ ఇష్టం లేని పని అందరి ఇష్టంగా సాగిపోతూనే ఉంటుంది.

తర్వాతి ఆదివారం సంఘ సమావేశంలో లేచి బాక్సుల విషయం ఎత్తాను. పెద్దాయన ముఖం ఎర్రబడింది.

"ఆర్నెల్లుగా ఒక్కరూ కంప్లయింట్ చెయ్యలేదండి మేడంగారూ. సరే, ఇష్టం లేనివాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. టీచరు ఫోను చూసుకుంటోంది. తబలా ఆయన నేల చూస్తున్నాడు. పిన్నిగారు పైట సర్దుకుంటున్నారు. నేను కూడా ఎత్తలేదు. అది భయం కాదు. నేనెత్తితే మేడంగారు ఎత్తారని నలుగురు ఎత్తుతారు, అప్పుడది వాళ్ల మాట అవదు.

"చేతులు వద్దండి, చీటీలు పెడదాం" అన్నాను. "పేర్లు రాయక్కర్లేదు. పాటలప్పుడు బాక్సులు కావాలంటే గీత గీయండి, వద్దంటే సున్నా చుట్టండి."

పెద్దాయన పాస్టరుగారి వైపు చూశారు. "పెట్టించండి, తప్పేముంది?" అన్నారాయన.

చందా సంచిలోనే చీటీలు వేయించాం. బల్ల మీద గీతలు ఒక పక్క, సున్నాలు ఒక పక్క పేర్చాను. సున్నాల కుప్ప పెరుగుతూ పోయింది. గీతలు గుప్పెడు కూడా రాలేదు. జనం ఒకరినొకరు కొత్తగా చూసుకున్నారు. "నీక్కూడానా?" అని ఎవరో గట్టిగానే అనేశారు.

పెద్దాయన బల్ల దగ్గరికొచ్చారు. ఆయన్ని నలుగురిలో నొప్పించానేమో అనుకున్నాను. ఆయన సున్నాల కుప్ప మీద వేలు పెట్టారు.

"అందులో ఒక సున్నా నాదేనండి. అందరూ బాగుందంటుంటే, దగ్గరుండి కొన్నవాడిని, నేనెలా వద్దంటాను?"

హాలంతా నవ్వింది. చివరి వరుసలోంచి ఒక ముసలాయన లేచి, పాస్టరుగారు వాక్యం చెప్పేటప్పుడు మాత్రం మైకు తీయొద్దన్నాడు, ఇన్నాళ్లకి తనకి ప్రతి మాటా వినబడుతోందట. అదీ న్యాయమే. వాక్యానికి మైకు, పాటలకి గొంతులు అని తేల్చుకున్నాం.

మర్నాడు క్లాసులో ఈ కథే పాఠంగా చెప్పాను. చివర్లో ఎప్పటిలాగే "అర్థమైందా?" అన్నాను. "అయింది మేడం!" అని అంతా ఒక్క గొంతుతో అన్నారు. ఆగి, చీటీలు పంచాను. సగానికి పైగా కాలేదని రాశారు. ఇన్నేళ్లూ ఆ కేకనే నమ్మి గంట కొట్టగానే బయటికి నడిచాను. మళ్లీ మొదటినుంచి చెప్పాను, ఈసారి బాగా చెప్పాను.

వచ్చిన ఆదివారం కీర్తన వెంటనే కుదరలేదు. అలవాటు తప్పిపోయింది. పిన్నిగారు మరీ పైన ఎత్తుకున్నారు, రెండో చరణానికి ఎవరికీ అందలేదు. ఆవిడ ఆపేసి చేత్తో సైగ చేసి, కిందికి దించి మళ్లీ మొదలుపెట్టారు. తబలా ఆయన ఒక్క దెబ్బ ఆలస్యంగా అందుకున్నాడు. ముందు ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు కలిశారు. నేనూ గొంతెత్తాను. శ్రుతి కొంచెం తప్పాను, అయినా ఆపలేదు.