చివరి పేజీలో బంతిరేకు

ఈ ఏడాది నూరు పుస్తకాలు చదివినానని తిరుపతంతా చాటుకున్నాను. సరే, ఇంటికి తెచ్చుకున్నవి పన్నెండు. నచ్చినవాటి జాబితా రాసి, బోర్డు మీద పెట్టమని మా లైబ్రరీ అమ్మకు ఇచ్చినాను.

నేను పుస్తకం తిరిగిచ్చినప్పుడల్లా ఆమె చివరి పేజీ తెరిచి నవ్వేది. ఎందుకో ఆరోజు తెలిసింది.

"పెద్దాయనా, పుస్తకమిచ్చే ముందు చివర్లో బంతిరేకు పెడతాను. పదకొండింట్లో అది పెట్టింది పెట్టినట్టే ఉండాది. చదివినారా, షికారుకు తీసకపోయినారా? ఒకదాంట్లో మాత్రం లేదబ్బా!" అని మురిసిపోయి, ఆ పుస్తకం పేరొక్కటే బోర్డు మీద రాసింది.

నిజానికి ఆ పుస్తకం బస్సులో జారిపడి రేకు రాలిపోయింది. సిగ్గేసి, మళ్లీ తెచ్చుకుని రెండుసార్లు చదివినాను. సరే, ఒక్కసారే. ఎంత బాగుండాదో! ఆమె పెట్టిన కొత్త రేకు పారేయబుద్ధి కాక, ఉన్నచోటే పెట్టి ఇచ్చినాను.

ఆమె తెరిచి చూసి, లేచి వెళ్లి, బోర్డు మీద ఆ ఒక్క పేరు కూడా చెరిపేసింది.