మంట దగ్గర కాచిన క్యాసెట్టు

నా చిన్నప్పుడు నాకు ఓర్వలేనితనం జాస్తి. ఈ వయసులో ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అనంతగిరి కొండల పైన మా ఊళ్ళో అందరూ చేతులు పట్టుకుని థింసా ఆడితే తుడుం కొట్టేది మా తాతయ్యే. ఆడపిల్లకు అదెందుకని నలుగురూ అన్నా వినకుండా, సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాడు. ఆ చోటు నా ఒక్కదానిదే అనుకునేదాన్ని.

ఒక వానాకాలం, సాలూరు హాస్టల్లో చదివే పక్కింటి అక్క ఇంటికి వస్తూ చిన్న టేప్‌రికార్డరూ ఒక క్యాసెట్టూ తెచ్చింది. స్నేహితురాలు హాస్టల్ వదిలి వెళ్ళిపోతూ ఇచ్చిందట. ఎవరో విదేశీ బ్యాండు వాళ్ళ ఆల్బమ్. రెండు వైపులా ఒకటే తీరు: సమ్మెట దెబ్బలు, రేకుల గీరుడు, మిషన్ల రొద, వాటి కింద కాలు నిలవనివ్వని ఎలక్ట్రానిక్ దరువు. రైసుమిల్లు పాటలని మా అమ్మ నవ్వింది. తాతయ్య నవ్వలేదు. అక్కను పిలిచి, నా చోట కూర్చోబెట్టుకుని, రోజూ రెండు వైపులా విన్నాడు.

నా కడుపు మండిపోయింది. వాళ్ళ దగ్గరకు పోకుండా గోడకి ఇవతల కూర్చుని, ఎక్కడ ఏ దెబ్బ పడుతుందో, ఎక్కడ ఇనుము ఆగి దరువొక్కటే మిగులుతుందో పళ్ళు నూరుకుంటూ వినేదాన్ని. ఎవరైనా అడిగితే అదీ ఒక పాటేనా అనేదాన్ని.

పది రోజులకు పాట నీరసంగా, సాగదీసినట్టు రావడం మొదలుపెట్టింది. అక్క కంగారుగా నా దగ్గరకొచ్చి, "ఏటయ్యిందే దీనికి?" అంది. బ్యాటరీలు అయిపోయాయని నాకు తెలుసు. మా టార్చిలైటూ అలాగే నీరసించేది. అయినా, "క్యాసెట్టు వానకి మెత్తబడిపోనాది. మంట కాడ కాపు," అన్నాను. వానకు వదులైన తుడుం తోలును మంట దగ్గర కాస్తేనే మళ్ళీ పలుకుతుంది. అక్కా ఆ ఊళ్ళో పుట్టిన పిల్లే కదా, నమ్మింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, తాతయ్య మీది ఉక్రోషమంతా ఆ క్యాసెట్టు మీద తీర్చుకున్నాను.

మంట దగ్గర పెట్టగానే అది అప్పడంలా వంకర తిరిగింది. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే ముందు సంతోషించాను. కాసేపటికి నాకు అన్నం సయించలేదు.

ఎవరు కాచమన్నారో అక్క తాతయ్యకు చెప్పనే చెప్పింది. ఆయన నన్ను తిట్టలేదు. అక్క ఎదురుగా కూర్చోబెట్టి తుడుం నా ముందు పెట్టాడు.

"గోడెనక కూకోని రోజూ ఇన్నావు కాదేటి? ఓర్సుకోనేక ఇన్నోలికి మరుపు రాదు. కొట్టు బేగి."

నాకు రాదన్నాను. ఆయన కదలలేదు. చివరికి కొట్టాను. నాకే ఆశ్చర్యం, క్యాసెట్టు ఒక వైపంతా ఒక్క దెబ్బ తప్పకుండా వచ్చింది. అక్క ఏడుపు మానింది. సగంలో నా ముఖం చూడకుండానే మూలనున్న పార తీసి, రాయితో కొడుతూ ఇనుము దెబ్బలు తను వేసింది. అయిపోయాక, బ్యాటరీల సంగతి నాకు ముందే తెలుసని చెప్పేశాను. అక్క చేతిలో రాయి కింద పడేసింది. మళ్ళీ దాన్నే తీసుకుని, "రెండో వైపు కూడా కొట్టు," అంది.

అసూయ నన్ను వదిలిపోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఎవరి పనితనం చూసైనా కడుపు మండితే, అది బాగుండబట్టే మండిందని నాకు నేను ఒప్పుకుంటాను. వెళ్ళి, బాగుందని వాళ్ళతోనే అంటాను. ఆ మాట నా గొంతులోంచి ఈనాటికీ తేలిగ్గా రాదు.