డెమో క్లాసులో లాక్కున్న ఫోన్

పోయిన వేసవిలో మా తెలుగు టీచర్లందరినీ బేగంపేటలోని ఒక హోటల్లో రెండు రోజుల శిక్షణకు పంపారు. తెలుగు ఎలా చెప్పాలో నేర్పడానికి వచ్చినాయన రెండు రోజులూ ఇంగ్లీషులోనే మాట్లాడాడు. టీచరు తక్కువ మాట్లాడాలి, పిల్లలు ఎక్కువ మాట్లాడాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఆ సంగతి చెప్పడానికి భోజనాల వేళ దాకా ఊపిరి తీసుకోలేదు. మేం ఏసీ చలికి కొంగు కప్పుకుని, నోరు మెదపకుండా, చార్టుల మీద రంగు కాగితాలు అంటించాం.

నవ్వు రావాలి గానీ నాకు రాలేదు. అల్వాల్‌లోని మా బడిలో అప్పటికి పందొమ్మిదేళ్లుగా పదో తరగతికి తెలుగు చెబుతున్నాను. ఈసారి శిక్షణలో డెమో క్లాసు ఎవరు బాగా చెబితే పదో తరగతి వాళ్లకేనని ముందే చెప్పి పంపారు. పోటీ రెండేళ్ల కింద చేరిన అమ్మాయితో. నా పక్కనే కూర్చుని, నా పెన్నే అడిగి తీసుకుని రాసుకుంటూ, "మీ ముందట నేనెంత మేడమ్" అంది.

రెండో రోజు మధ్యాహ్నం నా వంతు వచ్చింది. మిగతా టీచర్లు పిల్లల్లా కూర్చోవాలి. ఏళ్ల తరబడి అల్లరి భరించినవాళ్లు కదా, కసి తీర్చుకున్నారు. ఒకావిడ బల్ల చాటున సమోసా తింది. ఇంకొకావిడ నిమిషానికోసారి బాత్రూంకు వెళ్తానని చెయ్యెత్తింది. యాభై దాటినవాళ్లు కాగితపు రాకెట్లు విసిరారు.

నేను పద్యం ఎత్తుకున్నాను. పద్యం ఎత్తుకుంటే నాకిక హోటల్ కనబడదు, తరగతే కనబడుతుంది. చివరి వరసలో ఒకడు తల వంచుకుని ఫోన్ చూస్తున్నాడు. మా బడిలో పట్టుబడిన ఫోన్, అమ్మానాన్నలు వచ్చేదాకా టీచరు దగ్గరే ఉంటుంది. పద్యం ఆపకుండానే వెళ్లి లాక్కున్నాను.

"ఏందిరా ఇది? లేసి నిలబడు. రేపు మీ నాయన్ని తోల్కరా, అప్పుడిస్తా."

లేచి నిలబడ్డాడు. పొట్ట, టై, మెడలో ఐడీ కార్డు. మాకు మార్కులు వేయడానికి బడి నుంచి వచ్చిన కోఆర్డినేటర్ సార్. హాల్లో సమోసా నమలడం కూడా ఆగిపోయింది. విచిత్రం ఏమిటంటే, ఆయన చేతులు కట్టుకుని "సారీ మేడమ్" అన్నాడు. ఫోన్ అప్పటికే నా హ్యాండ్‌బ్యాగులో పడిపోయింది, క్లాసు అయ్యాక తీసిచ్చాను.

మార్కుల కాగితంలో తరగతి అదుపు దగ్గర 'అద్భుతం' అనీ, పిల్లలతో స్నేహం దగ్గర 'మెరుగుపడాలి' అనీ రాశాడు. సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర అల్వాల్ బస్సు ఎక్కేసరికి వాట్సాప్‌లో తరగతుల పట్టిక వచ్చింది. పదో తరగతి ఆ అమ్మాయికి, ఆరో తరగతి నాకు. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. దాచుకోవడం దేనికి?

బడి తెరిచిన వారానికే ఆ అమ్మాయి కళ్లు ఎర్రగా చేసుకుని స్టాఫ్‌రూంకు వచ్చింది.

"వాళ్లు అస్సలు వింటలేరు మేడమ్. మస్తు పరేషాన్ చేస్తున్నరు. జెర మీరొచ్చి నిలబడుండ్రి, చాలు."

వెళ్లాను. అప్పటి నుంచి రోజూ ఆమె తెలుగు పీరియడ్ మొదట్లో పదో తరగతి గుమ్మం బయట నిలబడుతున్నాను. నోరు విప్పను. టీచరు తక్కువ మాట్లాడాలని కదా నేర్చుకుని వచ్చాం. నన్ను చూసి లోపల పిల్లలు సద్దుమణుగుతారు, ఆమె పద్యం మొదలుపెడుతుంది. మొదటి పాదం అయ్యేదాకా విని, ఆరో తరగతికి వెళ్తాను.